స్క్రూలు బిగించే విద్యుత్ సాధనాలు

స్క్రూలు బిగించే విద్యుత్ సాధనాలు అనగా స్క్రూలను, అంటే మరమేకులను, విద్యుత్ మోటారు సహాయంతో బిగించడానికి, విప్పడానికి ఉపయోగించే చేతి యంత్రాలు. డ్రిల్ డ్రైవర్, ఇంపాక్ట్ డ్రైవర్, స్క్రూగన్, చిన్న విద్యుత్ స్క్రూడ్రైవర్ వీటిలో ముఖ్యమైనవి. వడ్రంగం, గృహనిర్మాణం, రేకుల కప్పులు, యంత్రాల కూర్పు, ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు వంటి అనేక రంగాలలో వీటిని వాడతారు. ఇవి చూడటానికి ఇంచుమించు ఒకే విధంగా ఉన్నప్పటికీ పనిచేసే తీరు వేరు వేరు. ఒక పనికి సరిపోయిన యంత్రం మరొక పనిని చెడగొట్టవచ్చును.

శక్తి ఎక్కువ ఉన్న యంత్రమే మంచి యంత్రమన్న అభిప్రాయం సాధారణంగా కనిపిస్తుంది. కాని స్క్రూను తిప్పడం ఎంత అవసరమో, దానిని సరైన చోట ఆపడం అంతకంటే అవసరం. సాధనాల మధ్య అసలు తేడా అవి ఆగే పద్ధతిలోనే ఉన్నది. ఎంపికకు ఇదే ముఖ్యమైన ఆధారం.

## స్క్రూ బిగిసే విధానం

స్క్రూ అనేది ఒక కడ్డీ చుట్టూ చుట్టిన వాలుతలం వంటిది. దానిని తిప్పినప్పుడు మర చెక్కను కోసుకుంటూ లోపలికి దిగుతుంది. తిప్పడానికి కావలసిన మెలితిప్పు బలాన్ని టార్క్ అంటారు. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఒక మీటరు పొడవున్న కర్రను ఒక చివర పట్టుకొని రెండవ చివర సుమారు 100 గ్రాముల బరువు వేలాడదీస్తే, పట్టుకున్న చోట కలిగే టార్క్ ఇంచుమించు 1 న్యూటన్ మీటరు ఉంటుంది.

స్క్రూ బిగిసే క్రమంలో మూడు దశలు కలవు.

* మొదటి దశలో స్క్రూ మొన చెక్కలోనికి ప్రవేశిస్తుంది. దీనికి కొద్దిపాటి టార్క్ చాలును.
* రెండవ దశలో స్క్రూ లోతుకు దిగుతున్న కొద్దీ చెక్కతో రాపిడి పెరిగి, కావలసిన టార్క్ క్రమంగా పెరుగుతుంది.
* మూడవ దశలో స్క్రూ తల చెక్కను తాకుతుంది. ఇక ముందుకు కదలడానికి వీలులేదు కనుక టార్క్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ సమయంలోనే స్క్రూ రెండు భాగాలను దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది.

మూడవ దశ దాటిన తరువాత కూడా తిప్పితే మూడు విధాలైన నష్టాలలో ఏదో ఒకటి జరుగుతుంది. చెక్క మెత్తనిదైతే లోపల మర నలిగి స్క్రూ ఊరికే తిరుగుతుంది. దీనినే వాడుకలో మర పోవడం అంటారు. బిట్ సరిగా కూర్చోకపోతే తల మీది గాడి అరిగిపోతుంది. స్క్రూ ఇత్తడి వంటి మెత్తని లోహంతో చేసినదైతే మెడ దగ్గర విరిగిపోతుంది.

చేతి స్క్రూడ్రైవరుతో బిగించేటప్పుడు ఒక్కో పట్టుకు అర చుట్టు మాత్రమే తిరుగుతుంది. బిగుతు మణికట్టుకు తెలుస్తుంది. యంత్రంతో ఈ అవకాశం తక్కువ. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే యంత్రం సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. స్క్రూ బిగిసిందని గ్రహించి మీట మీది నుండి వేలు తీయడానికి సెకనులో ఐదవ వంతు పట్టినా, ఆ లోపల ఐదు చుట్లు తిరుగుతాయి. మెత్తని చెక్కలో మర పోవడానికి ఒక్క చుట్టు చాలును. అందువలన యంత్రానికి తనంతట తాను ఆగే ఏర్పాటు గాని, వేగాన్ని వేలితో నియంత్రించే ఏర్పాటు గాని ఉండవలెను.

## చరిత్ర

లోహపు స్క్రూలు, వాటిని తిప్పే పనిముట్లు ఐరోపాలో 15వ శతాబ్దం నాటికే ఉన్నవి. అప్పట్లో ఒక్కొక్క స్క్రూను చేతితో ఆకురాయి పట్టి చేయవలసి ఉండేది కనుక అవి అరుదైన వస్తువులు. ఇంగ్లండుకు చెందిన జాబ్ వ్యాట్, విలియం వ్యాట్ సోదరులు చెక్క స్క్రూలను యంత్రాలతో తయారు చేసే పద్ధతికి 1760లో పేటెంటు పొందారు. నేటి స్క్రూల వలె కోసుగా ఉండే మొన 19వ శతాబ్దపు మధ్యకాలంలో వ్యాప్తిలోకి వచ్చింది.

విద్యుత్ డ్రిల్లుకు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ పేటెంటు పొందారు. అది ఒకచోట స్థిరంగా ఉంచి వాడే యంత్రం. చేతితో మోసుకుపోగల విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఫైన్ సంస్థ తయారు చేసింది. పిస్తోలు వంటి పిడి, వేలితో నొక్కే మీట గల నమూనాకు అమెరికాకు చెందిన బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1917లో పేటెంటు పొందింది. నేటి డ్రిల్లులలో చాలా వాటికి ఈ ఆకారమే ఉన్నది. అదే సంస్థ 1961లో నికెల్ కాడ్మియం బ్యాటరీతో, తీగ అవసరం లేకుండా పనిచేసే డ్రిల్లును ప్రవేశపెట్టింది. 2000 తరువాతి దశకంలో లిథియం అయాన్ బ్యాటరీలు రావడంతో యంత్రాల బరువు తగ్గి సామర్థ్యం పెరిగింది.

స్క్రూ తల మీది గాడి కూడా ఈ కాలంలోనే మారింది. పూర్వం ఉండిన ఒకే గీత గాడిలో యంత్రపు బిట్ నిలవక పక్కకు జారిపోయేది. కెనడాకు చెందిన పీటర్ లింబర్నర్ రాబర్ట్‌సన్ 1908లో చతురస్రపు గాడిని రూపొందించాడు. అమెరికాకు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1930లలో ప్లస్ గుర్తు వంటి గాడిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో ఉండే టార్క్స్ గాడి 1967లో వచ్చింది.

## సాధనాల రకాలు

### చిన్న విద్యుత్ స్క్రూడ్రైవర్

ఇది సాధారణంగా 3.6 వోల్టుల బ్యాటరీతో పనిచేసే తేలికైన సాధనం. వేగం, టార్క్ రెండూ తక్కువ. గడియలు, సొరుగుల పిడులు, స్విచ్ బోర్డుల పై పలకలు వంటి చిన్న స్క్రూలకు ఇది సరిపోతుంది. ముందుగా రంధ్రం చేయని గట్టి చెక్కలో పొడవైన స్క్రూలను దించలేదు. ఎలక్ట్రానిక్ పరికరాల కోసం కలము ఆకారంలో మరింత చిన్న నమూనాలు కూడా కలవు.

### డ్రిల్ డ్రైవర్

రంధ్రాలు చేయడానికి, స్క్రూలు బిగించడానికి రెండింటికీ పనికివచ్చే యంత్రమిది. బిట్టును పట్టుకొనే భాగాన్ని చక్ అంటారు. ఇందులో ఎక్కువగా 10 లేదా 13 మిల్లీమీటర్ల వరకు మందం గల బిట్లను పట్టే చక్ ఉంటుంది. చాలా నమూనాలకు రెండు గేర్లు ఉంటాయి. మొదటి గేరులో నిమిషానికి సుమారు 400 నుండి 500 చుట్ల వరకు, రెండవ గేరులో సుమారు 1,500 నుండి 2,000 చుట్ల వరకు తిరుగుతుంది. మొదటి గేరు స్క్రూలకు, రెండవది రంధ్రాలకు ఉద్దేశించినది.

దీని ముఖ్యమైన ప్రత్యేకత క్లచ్. చక్ వెనుక అంకెలున్న ఒక కంకణం ఉంటుంది. దానిని తిప్పి ఒక అంకె వద్ద ఉంచితే, టార్క్ ఆ హద్దును చేరగానే లోపలి క్లచ్ జారి టకటకమనే చప్పుడు చేస్తుంది. మోటారు తిరుగుతున్నప్పటికీ స్క్రూ తిరగదు. చిన్న అంకె తక్కువ టార్కును, పెద్ద అంకె ఎక్కువ టార్కును సూచిస్తుంది. ఈ అంకెలు న్యూటన్ మీటర్లు కావు. ఒక సంస్థ యంత్రంలోని 5వ అంకె, మరొక సంస్థ యంత్రంలోని 5వ అంకె సమానం కానవసరం లేదు. డ్రిల్ బిట్ బొమ్మ ఉన్న స్థానంలో క్లచ్ పనిచేయదు. ఆ స్థానంలో ఉంచి స్క్రూలు బిగించడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

### ఇంపాక్ట్ డ్రైవర్

ఇది స్క్రూలు, బోల్టుల కోసమే రూపొందించిన యంత్రం. దీనికి సాధారణ చక్ ఉండదు. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల షట్కోణపు కాడ గల బిట్లను మాత్రమే పట్టుకుంటుంది.

దీని లోపల ఒక స్ప్రింగు, ఒక సుత్తి, ఆ సుత్తి దెబ్బ తినే ఒక దిమ్మ ఉంటాయి. స్క్రూ సులభంగా తిరుగుతున్నంతసేపు ఇది మామూలు యంత్రం వలెనే తిరుగుతుంది. నిరోధం పెరిగినప్పుడు సుత్తి వెనుకకు జరిగి, స్ప్రింగు బలంతో ముందుకు వచ్చి దిమ్మను తిరిగే దిశలో కొడుతుంది. నిమిషానికి 3,000కు పైగా ఇటువంటి దెబ్బలు పడతాయి. దెబ్బకు, దెబ్బకు మధ్య బిట్ గాడిలో మరల సర్దుకుంటుంది కనుక అది జారడం తగ్గుతుంది. ప్రతి దెబ్బ క్షణకాలమే ఉంటుంది కనుక మణికట్టు మీద ప్రతిచర్య కూడా తక్కువ.

18 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ల గరిష్ఠ టార్క్ 150 న్యూటన్ మీటర్లు దాటడం సాధారణం. ఎక్కువ నమూనాలకు క్లచ్ ఉండదు. ఆపే బాధ్యత వాడేవారి వేలిదే. పొడవైన స్క్రూలకు, మందమైన కలపకు, తుప్పు పట్టిన స్క్రూలను విప్పడానికి ఇది శ్రేష్ఠమైనది. చిన్న స్క్రూలకు, పార్టికల్ బోర్డుకు, ఇత్తడి స్క్రూలకు తగినది కాదు.

### స్క్రూగన్

జిప్సం బోర్డులతో గోడలు, కప్పులు చేసేవారు దీనిని వాడతారు. దీని వేగం నిమిషానికి 4,000 చుట్లు లేక అంతకంటే ఎక్కువ ఉంటుంది. బిట్ చుట్టూ లోతును నిర్ణయించే ఒక మూతి ఉంటుంది. మూతి బోర్డును తాకగానే బిట్ తిరగడం ఆగిపోతుంది. స్క్రూ తల బోర్డు ఉపరితలం కంటే కొద్దిగా లోపలికి దిగవలెను గాని పై కాగితం చిరగకూడదు. కాగితం చిరిగితే బోర్డును పట్టి ఉంచే బలం పోతుంది. అందుకే ఈ యంత్రం టార్కును బట్టి కాక లోతును బట్టి ఆగుతుంది.

### పేర్ల వలన కలిగే గందరగోళం

భారతదేశపు దుకాణాలలో ఇంపాక్ట్ డ్రిల్ అనే యంత్రం విరివిగా దొరుకుతుంది. ఇది ఇంపాక్ట్ డ్రైవర్ కాదు. ఇంపాక్ట్ డ్రిల్ బిట్టును ముందుకు కొడుతుంది. ఇటుక గోడకు, కాంక్రీటుకు రంధ్రాలు చేయడానికి ఇది పనికివస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ తిరిగే దిశలో కొడుతుంది. దానితో కాంక్రీటుకు రంధ్రం చేయలేము. స్క్రూల కోసం ఇంపాక్ట్ డ్రిల్లును వాడవలసి వస్తే ముందుకు కొట్టే ఏర్పాటును తప్పక ఆపివేయవలెను. తీగతో పనిచేసే ఈ డ్రిల్లులకు ఎక్కువగా క్లచ్ ఉండదు, వేగం కూడా ఎక్కువ. అందువలన స్క్రూ పనికి ఇవి అంతగా అనువైనవి కావు.

ద్విచక్ర వాహనాల మరమ్మతు చేసేవారి వద్ద ఉండే, సుత్తితో కొట్టి వాడే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ మరొక సాధనం. దానికి మోటారు ఉండదు. వెనుక నుండి కొట్టిన దెబ్బను అది కొద్దిపాటి మెలికగా మార్చి, బిగుసుకుపోయిన స్క్రూను కదిలిస్తుంది.

## గాడులు, బిట్లు

యంత్రం ఎంత మంచిదైనా గాడికి సరిపోని బిట్ వాడితే ప్రయోజనం లేదు. ఫిలిప్స్ గాడి అంచులు వాలుగా ఉంటాయి కనుక టార్క్ పెరిగినప్పుడు బిట్ పైకి లేచి జారిపోతుంది. ఈ లక్షణాన్ని ఉద్దేశపూర్వకంగా చేర్చారా లేదా అన్న విషయంపై భిన్నాభిప్రాయాలు కలవు. టార్క్స్ గాడి అంచులు నిటారుగా ఉంటాయి కనుక బిట్ సులభంగా జారదు.

ఫిలిప్స్ బిట్లలో 1, 2, 3 సంఖ్యలు సాధారణంగా వాడుకలో ఉన్నవి. ఇంటి పనులలో వాడే చెక్క స్క్రూలలో ఎక్కువ వాటికి 2వ సంఖ్య బిట్ సరిపోతుంది. ఫిలిప్స్‌ను పోలిన పోజిడ్రివ్ గాడికి ప్లస్ గుర్తు మధ్య మరో నాలుగు సన్నని గీతలు ఉంటాయి. ఒకదాని బిట్ మరొకదానిలో పట్టినట్లు కనిపించినా పూర్తిగా కూర్చోదు. జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన ప్లస్ గాడి కూడా కొద్దిగా భిన్నమైనది. జపాన్ నమూనా మోటారు సైకిళ్ళ ఇంజను మూతల స్క్రూలు ఫిలిప్స్ బిట్లతో తరచుగా అరిగిపోవడానికి ఇది ఒక కారణం.

ఇంపాక్ట్ డ్రైవరులో వాడే బిట్లు దెబ్బలకు తట్టుకొనే ఉక్కుతో చేసినవై ఉండవలెను. మామూలు బిట్లు విరిగి ముక్కలు ఎగిరే ప్రమాదం కలదు.

## వోల్టేజి, బ్యాటరీ, మోటారు

లిథియం అయాన్ బ్యాటరీలోని ఒక్కొక్క ఘటం సాధారణ వోల్టేజి 3.6. అయిదు ఘటాలను వరుసగా కలిపితే 18 వోల్టులు అవుతుంది. పూర్తిగా చార్జి చేసినప్పుడు ఘటానికి 4 వోల్టుల చొప్పున లెక్కించి కొన్ని సంస్థలు ఇదే బ్యాటరీని 20 వోల్టులని ప్రకటిస్తాయి. అదే విధంగా మూడు ఘటాల 10.8 వోల్టుల బ్యాటరీని 12 వోల్టులని అంటారు. కనుక 18, 20 అంకెలను చూసి ఒకటి రెండవదాని కంటే బలమైనదని భావించడం సరికాదు.

బ్యాటరీలో నిలువ ఉండే శక్తి వోల్టేజిని, ఆంపియర్ గంటలను గుణించగా వస్తుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్ గంటల బ్యాటరీలో 36 వాట్ గంటల శక్తి ఉంటుంది. ఆంపియర్ గంటలు పెరిగితే ఎక్కువసేపు పనిచేస్తుంది గాని బరువు కూడా పెరుగుతుంది. తలకు పైన చేయి ఎత్తి చేసే పనులలో ఈ బరువే ముఖ్యమైన విషయం. ఇంట్లో అప్పుడప్పుడు చేసే పనులకు 12 వోల్టుల డ్రిల్ డ్రైవర్ చాలావరకు సరిపోతుంది.

మోటార్లు రెండు రకాలు. కార్బన్ బ్రష్షులున్న మోటారు చవక, బ్రష్షులు అరిగినప్పుడు మార్చవలసి ఉంటుంది. బ్రష్షులు లేని మోటారు ఖరీదు ఎక్కువ, కాని రాపిడి తక్కువ కనుక అదే బ్యాటరీతో ఎక్కువ పని చేస్తుంది.

పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలలోని కాడ్మియం విషపదార్థం. ఐరోపా సమాఖ్యలో తీగలేని యంత్రాలకు ఇచ్చిన మినహాయింపు 2016 డిసెంబరు 31తో ముగిసింది. భారతదేశంలో 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. వీటిని చెత్తలో వేయకూడదు.

## పనిని బట్టి ఎంపిక

* తలుపుల మడతబందులు: టేకు వంటి గట్టి కలపకు డ్రిల్ డ్రైవర్ అనువైనది. తలుపు బరువంతా ఈ కొద్ది స్క్రూల మీదనే ఉంటుంది, అందులోనూ పై మడతబందును తలుపు ఎల్లప్పుడూ బయటికి లాగుతూ ఉంటుంది. కనుక మర పోకుండా చూడవలెను. చివరి చుట్టు చేతితో బిగించడం మంచిది.
* వంటగది అరలు, పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. పలకలు: డ్రిల్ డ్రైవర్, క్లచ్ చిన్న అంకె మీద. ఇంపాక్ట్ డ్రైవర్ వాడకూడదు.
* జిప్సం బోర్డు: స్క్రూగన్. పని కొద్దిగా ఉంటే డ్రిల్ డ్రైవరుకు లోతును నియంత్రించే బిట్ తగిలించి వాడవచ్చును.
* మందమైన దూలాలు, పొడవైన స్క్రూలు: ఇంపాక్ట్ డ్రైవర్.
* ఇనుప రేకుల కప్పులు: వీటికి తనంతట రంధ్రం చేసుకొనే షట్కోణపు తల స్క్రూలను వాడతారు. తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. లోతును లేదా టార్కును బట్టి ఆగే స్క్రూగన్ దీనికి సరైనది. ఎక్కువ బిగిస్తే రబ్బరు నలిగి పక్కకు వచ్చి వాన నీరు కారుతుంది. తక్కువ బిగిస్తే రేకు గాలికి కదిలి రంధ్రం పెద్దదవుతుంది. తుఫానులు తాకే కోస్తా జిల్లాలలో ఈ రెండవ లోపం ప్రమాదకరమైనది.
* ఇటుక, కాంక్రీటు గోడలు: ఇంపాక్ట్ డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దించి, స్క్రూను డ్రిల్ డ్రైవరుతో గాని చేతితో గాని బిగించవలెను.
* విద్యుత్ స్విచ్చులు, ప్లగ్గుల తీగలను పట్టే స్క్రూలు: చేతి స్క్రూడ్రైవర్, లేదా టార్క్ నిర్ణయించగల స్క్రూడ్రైవర్. ఎక్కువ బిగిస్తే రాగి తీగ నలిగి తెగుతుంది. వదులుగా ఉంటే వేడెక్కి నిప్పు అంటుకొనే ప్రమాదం కలదు.
* ల్యాప్‌టాప్, చరవాణి వంటి పరికరాలు: కలము ఆకారపు చిన్న సాధనం. వీటి స్క్రూలకు కావలసిన టార్క్ అర న్యూటన్ మీటరు కూడా ఉండదు.

ఒకే యంత్రం కొనదలచినవారికి క్లచ్, రెండు గేర్లు గల డ్రిల్ డ్రైవర్ ఎక్కువ పనులకు సరిపోతుంది. పొడవైన స్క్రూల పని తరచుగా ఉన్నప్పుడు ఇంపాక్ట్ డ్రైవరును దానికి తోడుగా తీసుకోవచ్చును. ఒకే సంస్థ యంత్రాలైతే బ్యాటరీ రెండింటికీ పనికివచ్చే వీలు ఎక్కువ.

## బిగించే పద్ధతి

స్క్రూను సగం వరకు సుత్తితో కొట్టి, మిగిలిన భాగాన్ని మాత్రమే తిప్పే అలవాటు వడ్రంగులలో చాలాచోట్ల కలదు. దీనివలన పని త్వరగా ముగుస్తుంది. కాని మర చెక్కను కోసుకోవడానికి బదులు దాని నారలను చీల్చుతుంది. అటువంటి స్క్రూ మేకు కంటే ఎక్కువ పట్టు ఇవ్వదు. కొన్నాళ్ళకు మడతబందు కదలడం, తలుపు కిందికి వాలి గడప మీద రాసుకోవడం జరుగుతుంది. విద్యుత్ సాధనం ఉన్నచోట ఈ అలవాటుకు అవసరమే లేదు.

సరైన పద్ధతి ఈ క్రింది విధంగా ఉంటుంది.

1. స్క్రూ కంటే సన్నని బిట్టుతో ముందుగా దారి రంధ్రం చేయవలెను. స్క్రూలను మందం సంఖ్యతో అమ్మినప్పుడు 6వ సంఖ్య సుమారు 3.5 మిల్లీమీటర్లు, 8వ సంఖ్య 4.2 మిల్లీమీటర్లు, 10వ సంఖ్య 4.8 మిల్లీమీటర్లు ఉంటుంది. 8వ సంఖ్య స్క్రూకు మెత్తని కలపలో 2.5, గట్టి కలపలో 3 మిల్లీమీటర్ల దారి రంధ్రం సరిపోతుంది. పలక అంచుకు దగ్గరగా బిగించేటప్పుడు ఈ రంధ్రం లేకపోతే కలప చీలుతుంది.
2. గాడికి సరిపోయే, అరగని బిట్టును ఎంచుకోవలెను. గాడిలో పెట్టినప్పుడు అది ఊగకూడదు.
3. క్లచ్చును చిన్న అంకె మీద ఉంచి, అదే రకపు పనికిరాని చెక్క ముక్కలో ఒక స్క్రూ బిగించి చూడవలెను. తల చెక్కకు సమంగా రాకముందే క్లచ్ జారితే అంకెను ఒక్కొక్కటిగా పెంచవలెను.
4. యంత్రాన్ని స్క్రూకు సూటిగా పట్టి, నెమ్మదిగా మొదలుపెట్టి, వెనుక నుండి గట్టిగా నొక్కి ఉంచవలెను. వేగం కంటే ఈ ఒత్తిడే గాడిని కాపాడుతుంది.
5. గట్టి కలపలో స్క్రూ మరకు కొద్దిగా మైనం రాస్తే రాపిడి తగ్గుతుంది. సబ్బు తేమను పీల్చుకుంటుంది కనుక మైనమే మేలు.
6. ఇత్తడి స్క్రూలు బిగించే ముందు అదే కొలత గల ఉక్కు స్క్రూను ఒకసారి దించి తీసి, తరువాత ఇత్తడి స్క్రూను చేతితో బిగించవలెను.

## గాడి చెడిన స్క్రూలు

గాడి అరిగిన స్క్రూను తీయడం, బిగించడం కంటే చాలా కష్టం. కొత్త బిట్టును గట్టిగా నొక్కి, అతి తక్కువ వేగంతో వెనుకకు తిప్పడం మొదటి ప్రయత్నం. గాడికి, బిట్టుకు మధ్య వెడల్పాటి రబ్బరు ముక్క పెడితే కొన్నిసార్లు పట్టు దొరుకుతుంది. తల పైకి ఉంటే పటకారుతో పట్టి తిప్పవచ్చును. ఇవేవీ ఫలించకపోతే తలను డ్రిల్లుతో తొలిచివేయవలసి ఉంటుంది. చెక్కలో మర పోయినచోట అగ్గిపుల్లలను గాని, చెక్క పుల్లలను గాని జిగురుతో దించి, ఆరిన తరువాత మరల రంధ్రం చేసి బిగించవచ్చును.

అత్యంత జాగ్రత్తగా చేసే పనులలో కూడా ఈ సమస్య తలెత్తగలదని 2009లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు మరమ్మతు సందర్భంగా తెలిసింది. 2004లో పనిచేయడం ఆగిపోయిన ఒక వర్ణపటలేఖినిని బాగుచేయడానికి ఆ సంవత్సరం మే 17న అట్లాంటిస్ వ్యోమనౌక నుండి మైక్ మాసిమినో, మైకేల్ గుడ్ అంతరిక్షంలోకి వెలుపలికి వచ్చారు. పరికరపు మూతకు 111 చిన్న స్క్రూలున్నాయి. వాటిని తీయడానికి నాసా ఒక చిన్న విద్యుత్ సాధనాన్ని ప్రత్యేకంగా తయారు చేసింది. ఊడిన స్క్రూలు తేలిపోకుండా పట్టి ఉంచే పలకను కూడా సిద్ధం చేసింది. అయితే ఆ మూత వరకు చేరడానికి ముందు నాలుగు స్క్రూలున్న ఒక కమ్మీని తొలగించవలసి ఉండగా, వాటిలో ఒకదాని తల అరిగిపోయింది. చివరకు భూమి మీది నిపుణుల సలహాతో మాసిమినో ఆ కమ్మీని చేతితో వంచి ఊడబెరికాడు. తరువాత 111 స్క్రూలనూ తీసి మరమ్మతును పూర్తిచేశారు.

## భద్రత

టార్క్ ఎక్కువ గల డ్రిల్ డ్రైవర్ బిట్ ఒక్కసారిగా బిగుసుకుంటే యంత్రమే చేతిలో తిరుగుతుంది. 40 న్యూటన్ మీటర్ల టార్కును 20 సెంటీమీటర్ల దూరంలో పట్టి ఆపడానికి 200 న్యూటన్ల బలం కావలెను. ఇది సుమారు 20 కిలోల బరువుతో సమానం. మణికట్టు బెణకడానికి ఇది చాలును. అటువంటి యంత్రాలకు పక్క పిడి తప్పక తగిలించవలెను. నిచ్చెన మీద నిలబడి పనిచేసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

* కళ్ళద్దాలు ధరించవలెను. ఇంపాక్ట్ డ్రైవర్ చప్పుడు 90 డెసిబెళ్ళు దాటవచ్చును కనుక చెవులకు కూడా రక్షణ అవసరం.
* వదులైన చేతులున్న దుస్తులు, కొంగు, విరబోసిన జుట్టు తిరిగే భాగాలకు దగ్గరగా ఉండకూడదు.
* బిట్ మార్చేటప్పుడు బ్యాటరీ తీసివేయవలెను, లేదా దిశను మార్చే మీటను మధ్యలో ఉంచవలెను.
* చిన్న ముక్కలను ఒక చేతిలో పట్టుకొని మరొక చేతితో స్క్రూ దించకూడదు. బిట్ జారితే నేరుగా అరచేతిలో దిగుతుంది.
* గోడలో విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు పోయే దారిని ముందుగా తెలుసుకోవలెను. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద రంధ్రాలు చేయకపోవడం మంచిది.
* విద్యుత్ అమరికల స్క్రూలను తాకే ముందు సరఫరాను నిలిపివేయవలెను.

## ఇవి కూడా చూడండి

* స్క్రూ
* టార్క్
* వడ్రంగం
* విద్యుత్ మోటారు
* లిథియం అయాన్ బ్యాటరీ
* హబుల్ అంతరిక్ష టెలిస్కోపు